కమలాబాయి టీచరు కుట్టించినవి చేతిరుమాళ్ళు కావు

పోయిన ఆదివారం ప్రొద్దుటూరు గ్రంథాలయం హాల్లో జరిగిన సంతాప సభలో ఒక పెద్దమనిషి, కమలాబాయి టీచరు మా ఊరి ఆడపిల్లలకు చక్కగా చేతిరుమాళ్ళు కుట్టడం నేర్పించారని చెప్పాడు. సభ తలలూపింది. నాకు రోత పుట్టింది. నేను లేచి రెండు మాటలు చెబుతానంటే కార్యదర్శి దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "కుట్టు సంగతి వరకే చెప్పమ్మా. ఆ ఇంకో సంగతి ఈడొద్దు. పెద్దోళ్ళుండారు" అన్నాడు. నేను కూర్చున్నాను. అలా కూర్చున్నందుకు నా మీద నాకూ రోతే. అందుకే ఇది రాస్తున్నాను. రాయకపోతే ఆమె పేరు పక్కన చేతిరుమాలే మిగిలిపోతుంది.

ఆమె మరణవార్తను జమ్మలమడుగు బస్సు కండక్టరు మోసుకొచ్చాడు. నేను గ్రంథాలయంలో పత్రిక చూస్తున్నాను. "మీ కుట్టు టీచరమ్మ పోయిందంటమ్మా" అన్నాడు. ఎదురుగా ఉన్న వార్తనే నాలుగుసార్లు చదివాను. అది దేన్ని గురించో ఇప్పటికీ తెలియదు.

నేను ఆరో తరగతితో బడి మానినదాన్ని. తక్కిన చదువంతా ఈ గ్రంథాలయం పెట్టిన భిక్షే. పురాణాల బీరువా, చరిత్రల బీరువా, వైద్యం బీరువా వరుసగా చదివాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. అయినా ఎదిగే పిల్ల దేహంలో వచ్చే మార్పులను ఆమె ఒక్క గంటలో చెప్పినంత సూటిగా చెప్పిన పుస్తకం నాకు ఇంతవరకు దొరకలేదు.

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో ఆమె మా బడికి వచ్చారు. శుక్రవారం చివరి గంట కుట్టుపని. తలుపు వేసి, మగ్గం నేసే ఓబులమ్మ ఇచ్చిన పాత పంచెల గుడ్డలు మా ముందు పరిచేవారు. వాటిని మడతలు పెట్టి అంచులు కుట్టమనేవారు. "ఇవి దేనికి టీచర్?" అని ఖాదర్‌బీ అడిగింది. ఆమె సూది పక్కన పెట్టారు.

"కొన్నాళ్ళకు మీకు నెత్తురు కనపడతాది. భయపడొద్దండి. అది దెబ్బ కాదు, జబ్బు కాదు, మీరు చేసిన తప్పు కాదు. ఒళ్ళు పెరుగుతాండాదని గుర్తు. ఈ గుడ్డలు అప్పటికి. ఉతికి ఎండలో ఆరేయండి, మంచం కింద దాచొద్దండి."

చంకలో వెంట్రుకలు, మొహాన మొటిమలు, ఊరికే వచ్చే ఏడుపు, ఊరికే వచ్చే కోపం, ఏదీ వదల్లేదు. మేము మొదట కిసుక్కున నవ్వాం. తర్వాత నాగరత్న లేచి, "మగపిల్లోళ్ళకేమీ కాదా టీచర్?" అంది.

"ఎందుకు కాదు? గొంతు బొంగురు పోతాది, మీసమొస్తాది. వాళ్ళకూ ఎవురూ ఏమీ చెప్పరు. అందుకే పెద్దయినాక ఇట్ల తయారవుతారు."

ఆమె పదేపదే అనే మాట ఒకటుంది: "పిల్ల పెద్దమనిషయితే మేళం పెట్టి ఊరందరికీ చెప్తారు. ఆ పిల్లకు మాత్రం ఏమయిందో చెప్పరు." ఆమెకూ ఎవరూ చెప్పలేదు. పన్నెండో ఏట, చచ్చిపోతున్నాననుకొని, వేముల పక్కన వాళ్ళ పల్లెలో గడ్డివామి వెనక ఒక పగలంతా దాక్కున్నారట.

నా వంతు వచ్చినప్పుడు నేను దాక్కోలేదు. బడిలో కుట్టు పెట్టెలోంచి నా గుడ్డ తీసుకొని, శుభ్రం చేసుకొని, ఇంటికి వచ్చి అమ్మకు చెప్పాను. అదే నా నేరమయింది.

"ఏమ్మే, ఏడుపన్నా రాలేదా నీకు? యాడ నేర్చినావు ఇదంతా?"

"కుట్టు క్లాసులో."

అమ్మ నెత్తి కొట్టుకుంది. నన్ను మూలన చాప మీద కూర్చోబెట్టి, నువ్వులూ బెల్లమూ పెట్టి, ఇక బడి లేదంది. మూడో రోజు టీచరు వచ్చారు. అమ్మ ఆమెను గడపలోనే నిలబెట్టి, "మా పిల్లకు సిగ్గు లేకుండా చేసినావు" అంది.

"సిగ్గుండాది వెంకటసుబ్బమ్మా. భయమే లేకుండా చేసినా."

అంటూనే లోపలికి వచ్చి, ఎవరూ తాకని నా చాప మీద నా పక్కన కూర్చున్నారు. ఎంత చెప్పినా నన్ను బడికి పంపడానికి అమ్మ ఒప్పుకోలేదు. వెళ్తూ వెళ్తూ ఒక గ్రంథాలయ పుస్తకం నా ఒళ్ళో పెట్టారు. "మైల చాప మీద పుస్తకమా!" అని అమ్మ అరిచింది. నేను అప్పటికే రెండో పేజీలో ఉన్నాను.

ఇక ఆ చేతిరుమాళ్ళ సంగతి. ఆ ఏడు బడి వార్షికోత్సవంలో కుట్టుపని ప్రదర్శన పెట్టారు. అమ్మతో నేనూ వెళ్ళాను. టీచరు పిల్లల పాటల దగ్గర ఉండగా, గుమాస్తా కుట్టు పెట్టె బోర్లించి, అందులో ఉన్నవన్నీ బల్ల మీద వరసగా పేర్చాడు. బడి కమిటీ అధ్యక్షుడు చెమటలు కక్కుతూ వచ్చాడు. మొన్న సభలో మాట్లాడిన పెద్దమనిషి ఈయనే. ఒకటి చేతికి తీసుకున్నాడు. మొహం తుడుచుకున్నాడు, మెడ తుడుచుకున్నాడు. "అబ్బబ్బ, ఎంత మెత్తగుండాదప్పా! మన పిల్లోళ్ళ చేతిపనంటే ఇదీ!" అని ఇంకొకటి తీసి జేబులో పెట్టుకున్నాడు. మా అమ్మతో సహా తల్లులందరూ కొంగులు నోట్లో కుక్కుకున్నారు. ఒక్కరూ చెప్పలేదు. ఎట్లా చెబుతారు? దాన్ని నోట అనరాని మాటగా చేసిందే ఆయనలాంటివాళ్ళు.

ఇంటికి పోయాక భార్య చెప్పింది. ఆయన రెండుసార్లు తలస్నానం చేశాడట. అది ఎవరూ వాడని, ఉతికిన గుడ్డ. తన తల్లికీ, భార్యకూ, నలుగురు కూతుళ్ళకూ ఉన్న దేహధర్మం ఆయనకు అసహ్యమయింది. నాకు ఆ స్నానాలు అసహ్యం. పిల్లల్ని చెడగొడుతోందని అర్జీ పెట్టించాడు. నెల తిరగకముందే టీచరును సింహాద్రిపురానికి బదిలీ చేశారు. తర్వాత పులివెందుల, చివరికి జమ్మలమడుగు. బస్సు దగ్గర మేము ఏడుస్తుంటే, "ఆ ఊరి పిల్లోళ్ళకు గుడ్డలు చాల్లేదంట, పోతాండా" అని నవ్వారు. పోయిన ప్రతి ఊళ్ళోనూ శుక్రవారం ఆ తలుపు మూశారు, ఆ గుడ్డలు పరిచారు.

మొన్న ఆ మనిషే ఆమె పటానికి దండ వేసి, "తలెత్తి మాట్లాడి ఎరగని ఉత్తమురాలు" అన్నాడు. కమలాబాయి టీచరు తల దించి మాట్లాడటం నేను ఒక్కనాడూ చూడలేదు. ఆమెకు నా నమస్కారం.

ఇది రాయడానికి తోడ్పడినవారికి కృతజ్ఞతలు: గుడ్డల సంగతి గుర్తు చేసిన ఓబులమ్మకు, "నా పేరు బాగా కనపడేటట్ల రాయి జయమ్మా, నాకేం భయం" అన్న ఖాదర్‌బీకి, పులివెందుల రోజుల గురించి ఉత్తరం రాసిన నాగరత్నకు, కాగితాలిచ్చి తప్పులు దిద్దిన గ్రంథపాలకులు పెంచలయ్యగారికి, "నేనన్న మాటలు కూడా రాయి. అన్నా గదా" అన్న మా అమ్మ వెంకటసుబ్బమ్మకు. నాతోపాటు ఆ గదిలో కుట్టిన మరో ముగ్గురు అన్నీ చెప్పి, పేర్లు మాత్రం వద్దన్నారు. రాయలేదు. ఆ ముగ్గురికీ పదేళ్ళ కూతుళ్ళున్నారు. "పిల్లకు చెప్పినారా?" అని అడిగితే, ముగ్గురూ వేరువేరుగా ఒకే మాట అన్నారు:

"టీచరమ్మ ఉండింటే చెప్పేది గదా."