అత్తగారి మేడగది అంచనా

ఆయన పేరు ఆఫీసు జీతాల రిజిస్టరుకి తప్ప ఎవరికీ పట్టదు. అందరికీ ఆయన అంచనాలాయన. ఇళ్ళు కట్టే కంపెనీలో ప్లాను చేతికిస్తే, ఆ ఇల్లు పూర్తయి తాళాలు చేతికొచ్చేసరికి ఎంతవుతుందో చెప్పడం ఆయన ఉద్యోగం. చెప్పాడంటే చెప్పినట్టే. ఓనరు ఒకసారి ఆయన అంచనా చూసి పెదవి విరిచి, సొంతంగా ఓ అంకె వేసుకుని, కట్టడం సగంలో ఉండగా మొహం వేలాడేసుకుని మళ్ళీ ఈయన బల్ల దగ్గరికే వచ్చాడు. అప్పట్నుంచీ అక్కడ ఈయన మాటకి తిరుగులేదు.

ఆయన పద్ధతే వేరు. మిగతావాళ్ళు సిమెంటు, ఇటుక, ఇనుముతో మొదలుపెడతారు. ఈయన తెల్లకాగితం మీద ముందుగా ‘మరిచిపోయేవి’ అని రాసి కింద గీత గీస్తాడు. దింపేటప్పుడు విరిగే ఇటుకలు, గోడలు తడపడానికి నీళ్ళ ట్యాంకరు, పరంజా కర్రల అద్దె, వానకి కొట్టుకుపోయే ఇసుక, మేడమీదికి సామాను మోసే కూలి, స్లాబు వేసే రోజు పనివాళ్ళ భోజనాలు. ఇవన్నీ రాశాకే గోడల జోలికి వెళ్తాడు. “కనిపించే ఖర్చు ఎవడైనా రాస్తాడు. కొంప ముంచేది కనిపించనిదే,” అంటాడు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, పనిలో నిప్పులాంటి మనిషి.

ఆ నిప్పు ఆయనకి ఇంకోచోట కూడా ఉంది, కడుపులో. దానికి కారణం తోడల్లుడు.

చిన్నల్లుడు తాపీ మేస్త్రి. చదువు అబ్బలేదు గానీ నోరు బాగానే అబ్బింది. అత్తగారి గుమ్మంలో చెప్పులు విడవకముందే ఆ ఇంట్లో నవ్వులు మొదలవుతాయి. నేరుగా వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీసి, “ఏం అత్తయ్యా, నేను రాననుకుని కూర తక్కువ చేశావా?” అంటాడు. ఆవిడ గరిటె ఎత్తి బెదిరిస్తుంది, లోపల మురిసిపోతుంది. అదే అంచనాలాయన వస్తే కుర్చీ తుడిచి వేస్తుంది. మంచినీళ్ళిస్తుంది. “ఆఫీసులో పని ఎక్కువా బాబూ?” అని అడుగుతుంది. ఆ తర్వాత ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచదు. పెద్దల్లుడికి జరగాల్సిన మర్యాదంతా జరుగుతోంది కదా, ఇంకేం కావాలి అంటారా? ఆయనకి కావాల్సింది ఆ గరిటె బెదిరింపు. అది అడిగి పుచ్చుకునేది కాదాయె.

అత్తగారు బట్టలు కుట్టి ఇద్దరాడపిల్లల్ని ఒంటిచేత్తో పెంచిన మనిషి. ఈ మధ్య సూదిలో దారం ఎక్కించడానికి కూడా పక్కింటివాళ్ళని పిలవాల్సి వస్తోంది. కళ్ళు పూర్తిగా మొరాయించేలోగా మేడమీద ఒక గది కట్టించి అద్దెకిచ్చుకోవాలని ఆవిడ ఆశ. ఇన్నాళ్ళూ కూడబెట్టిందంతా అందుకే. అల్లుళ్ళ ముందు చెయ్యి చాపే రోజు రాకూడదని పంతం. ఆ గది తప్ప ఆవిడకి వేరే ఆధారం లేదు.

ఒక ఆదివారం అల్లుళ్ళిద్దర్నీ మేడమీదికి తీసుకెళ్ళి, “ఎంతవుతుందో చెప్పండి,” అంది. చిన్నల్లుడు అటూ ఇటూ నడిచి, మడమతో నేలమీద గట్టిగా తన్ని, ఆకాశంకేసి చూసి ఓ అంకె చెప్పేశాడు. అంచనాలాయనకి నవ్వొచ్చింది. ఆయన టేపు తీసి కొలిచాడు. కింది గోడల మందం చూశాడు. మెట్లమీద కంకర తట్టతో మనిషి తిరగగలడా లేదా అని ఎక్కి దిగి చూశాడు. తర్వాతి ఆదివారం టైపు చేసిన కాగితాలు తెచ్చి అత్తగారి చేతిలో పెట్టాడు. చిన్నల్లుడు చెప్పినదానికి అది ఇంచుమించు ఒకటిన్నర రెట్లుంది.

ఆవిడ చివరి అంకె చూసి కాగితాలు మడిచేసింది. మొహం పాలిపోయింది.

“పోనీలే బాబూ. నా తాహతుకి మించిన పని. వదిలేద్దాం.”

“వదిలేయడం దేనికత్తయ్యా?” అన్నాడు చిన్నల్లుడు. “అన్నయ్య కంపెనీ లెక్కలు వేశారు. వాళ్ళు కట్టేవి పెద్దపెద్ద భవనాలు. మనది ఒక్క గది. నేను చెప్పినదాంట్లో అయిపోతుంది, పూచీ నాది.”

“అయితే నువ్వే చూడు నాయనా,” అంది ఆవిడ. పాలిపోయిన మొహంలోకి మళ్ళీ కళ వచ్చింది.

అంచనాలాయనకి తల కొట్టేసినట్టయింది. లోకంలో ఆయనకి చేతనైంది ఒక్కటే, ఖర్చు చెప్పడం. మాటల్లో వాడు గెలిచాడు, నవ్వుల్లో గెలిచాడు, సరే. ఇందులో కూడానా? అదీ మడమతో నేల తన్ని!

ఇంటికి వెళ్ళే దారిలో భార్య ఊరుకోలేదు. “మరిదిగారు చూసుకుంటానంటుంటే మీకెందుకండీ అంత ఉడుకుమోత్తనం? అమ్మకి గది పడితే చాలు కదా.”

“నాకేం ఉడుకుమోత్తనం? వాడి లెక్క తప్పు. పని సగంలో ఆగిపోతుంది. అప్పుడు మీ అమ్మే ఏడుస్తుంది.”

“అయితే మీరు పక్కనుండి ఆగకుండా చూడండి,” అంది ఆవిడ. చిలక్కి చెప్పినట్టు చెప్పింది. వినే చెవులేవీ?

మర్నాడు ఆఫీసులో అందరూ భోజనాలకి లేచాక ఆయన తన అంచనాని ముందు పెట్టుకున్నాడు. ‘మరిచిపోయేవి’ అన్న పేజీని మొత్తంగా తీసి పక్కన పడేశాడు. మరిచిపోయి తీయలేదు, ఒక్కొక్కటీ గుర్తుండే తీశాడు. అయినా మొత్తం చిన్నల్లుడి అంకె కిందికి దిగలేదు. ఇసుక తగ్గించాడు. కూలి రేట్లు కోసేశాడు. అప్పటికి దిగింది, ఒక పిసరు. ఆ పిసరు కోసమే ఈ పాట్లన్నీ. తన కింద పనిచేసే వాడెవడైనా అలాంటి కాగితం తెచ్చుంటే ఆయనే మొహాన కొట్టేవాడు.

“మళ్ళీ చూశానత్తయ్యా. ముందు వేసినవి కంపెనీ రేట్లు. ఇది సరైనది,” అని ఇచ్చాడు.

ఆవిడ కాగితాన్ని కళ్ళకి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టి చూసింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి పెద్దల్లుడి చెయ్యి పట్టుకుంది. “నా ప్రాణం లేచొచ్చింది బాబూ,” అంది.

చిన్నల్లుడు కాగితం అందుకుని పైనుంచి కిందిదాకా చూశాడు. “ఇందులో కూలి కలిపారా అన్నయ్యా?”

“కూలి కలపకపోతే దాన్ని అంచనా అంటారా?”

“అయితే మీరే చేయించండి. ఇంత తక్కువలో నావల్ల కాదు.” ఒక్క పుల్లవిరుపు మాట లేకుండా పక్కకి తప్పుకున్నాడు. పోనీ పని వాడికైనా ఇచ్చాడా ఈయన? ఇవ్వలేదు. “మనవాడైతే గట్టిగా నిలదీయలేం,” అని చెప్పి బయటి మేస్త్రిని పెట్టాడు. అసలు సంగతేమిటంటే, ఆ గదిలో ఒక్క ఇటుక కూడా వాడి చేతిది ఉండకూడదు.

గోడలు లేస్తున్నన్నాళ్ళూ ఆయన ఆఫీసు నుంచి తిన్నగా అక్కడికే వచ్చేవాడు. అత్తగారు ఎదురొచ్చి, ఆ రోజు ఎంత పనైందో చెప్పేది. ఒకరోజు ధైర్యం చేసి వంటింట్లోకి వెళ్ళి గిన్నె మూత తీశాడు. ఆవిడ కంగారుపడిపోయి, “ఆకలేస్తోందా బాబూ? ముందే చెప్పకూడదూ?” అని గబగబా కంచం కడిగింది. ఆయన మూత పెట్టేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

డబ్బు ఎక్కడ అయిపోతుందని ఆయనకి తెలుసో సరిగ్గా అక్కడే అయిపోయింది. గోడలు లేచాయి, స్లాబు లేదు. బాకీ పడతారని భయపడి మేస్త్రి పనివాళ్ళని ఇంకో చోటికి తీసుకుపోయాడు. అంచనాలాయన తన ఇంట్లో ఉన్నదీ, ఆఫీసులో అడ్వాన్సుగా ఇచ్చిందీ అంతా కలిపినా స్లాబు కింద పరిచే సెంట్రింగు రేకులకే చాలదు. పైన మబ్బులు కమ్ముకొస్తున్నాయి. పచ్చి గోడలు నాలుగు వానలకి నానితే ఏమవుతుందో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

“ఎక్కడ తప్పింది బాబూ లెక్క?” అని అడిగింది అత్తగారు. కోపంగా కూడా అడగలేదు.

“ధరలు పెరిగాయత్తయ్యా,” అన్నాడు. ఆవిడ ఆయన మొహంలోకి చూసింది. చూసి చూసి, “అలాగా,” అని లేచి వెళ్ళి, కుట్టు మిషను దగ్గర కూర్చుని సూదిలోకి దారం ఎక్కించడానికి తంటాలు పడింది.

ఆ వారంలోనే చిన్నల్లుడు తన మనుషుల్నీ, సెంట్రింగు రేకుల్నీ, తన పేర అరువు తెచ్చిన సిమెంటునీ, చువ్వల్నీ వేసుకుని ఊడిపడ్డాడు. ఎవర్నీ ఒక్క మాట అడగలేదు. రేకులు పరిచారు, చువ్వలు కట్టారు, స్లాబు వేయడం మొదలుపెట్టారు. అంచనాలాయన ఆఫీసు మానేసి వచ్చి, ఓ మూల చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పని ఒక కొలిక్కి వచ్చాక ఉండబట్టలేక అడిగేశాడు. వాడి లెక్కలో ఎక్కడో ఓ బొక్క ఉండాలి, అది తెలియాలి.

“ఆ రోజు నువ్వు చెప్పినదాంట్లో కూలి ఎంత వేశావు?”

“అసలు వేయలేదన్నయ్యా,” అన్నాడు చిన్నల్లుడు చేతులు కడుక్కుంటూ. “అత్తయ్య గదికి నా చేతులకి కూలేంటి? నావాళ్ళకి నేను ఇచ్చుకుంటాను. ముందే చెబితే ఆవిడ ఒప్పుకోదని నోరు మూసుకున్నా. ఒకళ్ళకి రుణపడకూడదనే కదా ఆవిడ గది కట్టుకునేది.”

అంచనాలాయన ఎన్ని అంచనాలు వేశాడో, ఎన్ని మరిచిపోయేవి రాశాడో. మనిషి తన కష్టానికి ఖరీదు కట్టకుండా ఉంటాడని ఏ కాగితం రాసేటప్పుడూ తట్టలేదు. వాడి మంచితనం చూసి కళ్ళు చెమర్చాలి నిజానికి. చెమర్చలేదు. మండాయి.

అంతలో అత్తగారు అందరికీ టీ పట్టుకుని పైకి వచ్చింది. చిన్నల్లుడికి గ్లాసు అందిస్తూ, “ధరలు ఇంతగా పెరిగిపోబట్టి గానీ, లేకపోతే పెద్దబాబు లెక్క తప్పుతుందా నాయనా?” అంది.

రోజూ సిమెంటు కొట్టు మెట్లెక్కే మనిషి వాడు. ధర పైసా కూడా కదల్లేదని వాడికంటే తెలిసినవాడు లేడు. అంచనాలాయన వాడి నోటికేసి చూస్తూ నిలబడ్డాడు.

చిన్నల్లుడు ఆయన వైపు చూడను కూడా చూడలేదు. టీ ఊదుకుంటూ, “మండిపోతున్నాయత్తయ్యా ధరలు. అన్నయ్య మాత్రం ఏం చేస్తారు?” అన్నాడు.

“అదే కదూ,” అని ఆవిడ తేలిగ్గా ఊపిరి తీసుకుని, ఖాళీ పళ్ళెం పట్టుకుని మెట్లు దిగిపోయింది.

గది నిలబడింది. ఈయన పరువూ నిలబడింది. హమ్మయ్య అనుకోవాల్సింది పోయి, అంచనాలాయనకి కడుపులో ఎన్నడూ లేనంతగా భగ్గుమంది. వాడు చెప్పింది తను ఆడిన అబద్ధమే. తను చెప్పినప్పుడు ఆవిడ అంతసేపు మొహంలోకి చూసింది. వాడు చెబితే చూడకుండానే నమ్మేసింది.