రెప్ప కూడా వేయలేని రోజుల్లో

మిరపకాయలు కల్లంలో ఎండుతున్న రోజులు. తాలుకాయలు ఏరుతూ కూర్చున్నాను. వేళ్ళ చివర చిమచిమలాడింది. కారం మంటేలే అనుకుని కొబ్బరినూనె రాసుకున్నాను. సాయంత్రానికి పాదాలూ అలాగే అయ్యాయి. ఇంటికి నడిచొస్తుంటే దూది మీద అడుగేస్తున్నట్టుంది.

నా పేరు సలోమి. చిలకలూరిపేట దగ్గర పల్లె మాది. మా ఆయన దానియేలు, నేను కౌలుకి మిర్చి, పత్తి వేస్తాం. మా చర్చి సంఘంలో తెల్లవారుజాము ప్రార్థన నేనే నడిపేదాన్ని. మోకాళ్ళ మీద తప్ప చేయకూడదు, శుక్రవారం మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. ఇవన్నీ ఎవరో పెట్టినవి కావు, నాకు నేను గీసుకున్న గీతలు. అంతకుముందు వారం విరేచనాలు పట్టుకుని కొన్నాళ్ళు ప్రార్థనకి వెళ్ళలేకపోయాను. అందుకే దేవుడు ఈ తిమ్మిర్లు పెట్టాడని మనసులో పడిపోయింది. ఎందుకో ఎవరికీ చెప్పకుండా ఉపవాసం మొదలుపెట్టాను.

ఊళ్ళో ఆర్ఎంపీ "నరాల వీక్‌నెస్ అమ్మా" అని బీ కాంప్లెక్స్ ఇంజక్షన్ చేశాడు. మర్నాడు చర్చిలో మోకరించినదాన్ని మళ్ళీ లేవలేకపోయాను. ఇద్దరు ఆడవాళ్ళు చంకల్లో చేతులేసి లేపితే కాళ్ళు గుడ్డపేలికల్లా వేలాడాయి.

"ఉపవాసం లేదు, ఏం లేదు. పద గుంటూరు" అని మా ఆయన కారు మాట్లాడాడు. ఆ పూట ఆయన మొండిగా ఉండబట్టే ఇవాళ ఇది రాస్తున్నాను. రెండు కాళ్ళకీ తిమ్మిరి పట్టి అది పైకి పాకుతుంటే రేపటిదాకా ఆగే జబ్బు కాదని నాకు అప్పటికి తెలియదు.

గుంటూరులో న్యూరాలజిస్టు చిన్న సుత్తితో మోకాళ్ళ మీద కొట్టి చూశారు. కాలు కదల్లేదు. నరాలు ఎలా పనిచేస్తున్నాయో చూసే నెర్వ్ కండక్షన్ టెస్ట్ చేశారు, వెన్నులోంచి నీరు తీశారు. "గిలాన్ బారీ సిండ్రోమ్. జీబీఎస్ అంటాం. కింద నుంచి పైకి ఎక్కుతుంది. ఊపిరి దగ్గరికి వచ్చేలోపు ఐసీయూలో ఉండాలి" అన్నారు.

"నేనేం తప్పు చేశానండీ?" అని అడిగాను.

ఆయన విచిత్రంగా చూశారు. "విరేచనాలు అయ్యాయన్నారుగా. ఆ ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన శక్తి పొరపాటున మీ నరాల మీదే పడింది. ఇందులో మీ తప్పేముందమ్మా?"

విన్నాను గానీ నమ్మలేదు.

ఆ పోరాటాన్ని ఆపే ఐవీఐజీ అనే మందు నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టారు. పూటపూటకీ నర్సు వచ్చి, "ఒక్క ఊపిరిలో అంకెలు లెక్కపెట్టండమ్మా" అనేది. మొదట ఇరవై దాటాను. తర్వాత పన్నెండు దగ్గర ఆగిపోయాను. ఆ తర్వాత ఆరు. నర్సు డాక్టర్ని పిలవడానికి వెళ్ళింది. ఆవిడ నడకలోనే నాకు విషయం అర్థమైంది. గొంతులోకి గొట్టం దించి వెంటిలేటర్ పెట్టారు.

చేతులు పోయాయి. ముఖం పోయింది. కళ్ళు ఎండిపోకుండా నర్సు మందు వేసి రెప్పలకి టేపు అంటించేది. కానీ చెవులు పనిచేస్తూనే ఉన్నాయి. పక్క మంచం మీద మనిషి పోయినప్పుడు వాళ్ళ అమ్మ ఏడుపు మొదటినుంచి చివరిదాకా విన్నాను. తర్వాత నా వంతే అనుకున్నాను. లోపల్లోపల ప్రార్థన మొదలుపెట్టేదాన్ని. మందుల మత్తులో సగంలో తెగిపోయేది. మళ్ళీ మొదటికొచ్చేదాన్ని. ఒక్కటీ పూర్తయ్యేది కాదు. పూర్తికాని ప్రార్థన లెక్కలోకి రాదని భయం.

ఒకరోజు మా సంఘ పెద్ద భార్య మార్తమ్మక్క వచ్చింది. టేపు తీసి ఉన్న సమయం. నా మీదికి వంగి, "సలోమీ, దాచిన పాపం ఏదో ఉంది. అందుకే ఇంత శిక్ష. ఒప్పుకుంటే ఒకసారి కళ్ళు మూయి, చాలు" అంది.

మూయాలని ప్రాణమంతా పెట్టి ప్రయత్నించాను. రెప్ప కదల్లేదు.

"చూశావా దానియేలూ, ఒప్పుకోవట్లేదు" అంది.

"అక్కా, దానికి రెప్పలు పడట్లేదు. మీరు బయటికి రండి" అన్నాడు మా ఆయన. ఆవిడని పంపి తిరిగొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. మా ఆయన చర్చిలో వెనక బెంచీలో కూర్చునే మనిషి, పదిమందిలో నోరు తెరిచి ప్రార్థన చేసినవాడు కాదు.

"సలోమీ, నువ్వేం చెయ్యక్కర్లేదే. ఊపిరే నువ్వు తీసుకోవట్లేదు, అయినా ఉన్నావుగా. అలాగే ఉండు. నీ భక్తి చూసి దేవుడు నిన్ను కాపాడాడా ఇన్నాళ్ళూ? క్రీస్తు మనకోసం చేసింది చాలదా? చాలకపోతే నువ్వు మోకాళ్ళు అరగదీసినా చాలదు."

అప్పటికప్పుడు శాంతి వచ్చిందని చెబితే అబద్ధం. భయం అలాగే ఉంది. కానీ తెగిన ప్రార్థనని మళ్ళీ మొదలుపెట్టడం మానేశాను. తెగినచోటే వదిలేసి నిద్రపోయాను.

మర్నాడు జ్వరం వచ్చింది. ఊపిరితిత్తుల్లో న్యుమోనియా. బీపీ ఒక గంట ఆకాశానికి, ఒక గంట పాతాళానికి. "ఈ రెండు రోజులు గడవాలి, ఏమీ చెప్పలేం" అని డాక్టర్ మా ఆయనతో నా మంచం పక్కనే అన్నారు. గొంతుకి చిల్లు పెట్టి ఊపిరి గొట్టం అమర్చారు, ట్రాకియాస్టమీ అంటారు. దేవుడితో బేరం పెట్టుకోవడానికి నా దగ్గర ఇవ్వదగ్గది ఏమీ మిగల్లేదు. బతుకుతానో లేదో తెలియకుండానే ఆ దేవుడి చేతుల్లో పడుకున్నాను. నా జీవితంలో కృప అన్న మాట అర్థమైంది అక్కడే.

జ్వరం మెల్లగా దిగింది. ఒక ఉదయం ఎడమ భుజం కొంచెం కదిలింది. ఫిజియోథెరపిస్టు పిల్ల "మళ్ళీ, మళ్ళీ" అని అరిచింది. వెంటిలేటర్ తీసేసరికి ఎండలు ముదిరాయి. ఇంటికొచ్చేసరికి మా పొలంలో కొత్త పత్తి మొలకెత్తింది.

ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తున్నాను. కుడి పాదం ఇంకా ఈడ్చాల్సి వస్తోంది. కాస్త విరేచనం అయినా కాళ్ళు గిల్లుకుని చూసుకుంటాను. మార్తమ్మక్క నాతో ముక్తసరిగా మాట్లాడుతుంది. ప్రార్థన ఇప్పుడు వేరే ఆవిడ నడుపుతోంది. ఓపిక లేని రోజు మంచం మీదే పడుకుని రెండు మాటలు చెప్పుకుంటాను. కొన్నిరోజులు అదీ ఉండదు.

ఇది చదివేవాళ్ళలో మీవాళ్ళెవరైనా వెంటిలేటర్ మీద ఉంటే ఒక్కటి చెబుతాను. కదలకపోయినా వాళ్ళకి అన్నీ వినిపిస్తుండొచ్చు. దగ్గరికెళ్ళి ఏ ప్రశ్నా వేయకండి. చెయ్యి పట్టుకుని ఇవాళ ఏ వారమో, బయట ఎండో వానో చెప్పండి. నువ్వేం చెయ్యక్కర్లేదు, మేం ఇక్కడే ఉన్నాం అని చెప్పి, కాసేపు నిజంగా అక్కడే ఉండండి.