కాణిపాకంలో ఖాయమైన సీటు

పవిత్ర చిత్తూరుకు కోడలిగా వచ్చి తొమ్మిదేళ్లయింది. ఈ తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో బండ్లు మారాయి గానీ ఒక్క సంగతి మాత్రం మారలేదు. అందరూ ఎక్కి కూర్చున్నాక ఆమెకు చోటు మిగలదు.

మొదట స్కూటర్ ఉండేది. భర్త మునిశేఖర్ నడిపేవాడు, వెనక అత్త భారతమ్మ కూర్చునేది. వాళ్లిద్దరి మధ్య ఇంకో మనిషి పట్టాలంటే ఆ మనిషి చీపురుపుల్లంత సన్నగానైనా ఉండాలి, బొత్తిగా సిగ్గు లేనిదైనా కావాలి. పవిత్ర రెండూ కాదు. తర్వాత ఒక చిన్న కారు కొన్నారు. అప్పటికి ఇద్దరు ఆడపిల్లలు పుట్టారు, మామ ధనంజయకు అక్క అయిన నాగులమ్మ కూడా వచ్చి వీళ్ల దగ్గరే ఉండిపోయింది. నాగులమ్మకు మోకాళ్లు వంగవు. ఆమె కాళ్లు చాపుకుని కూర్చుంటే ఇద్దరి చోటు ఆమె ఒక్కతికే సరిపోతుంది. ధనంజయ ముందు సీట్లో, మిగిలినవాళ్లు వెనక సీట్లో సర్దుకున్నాక కారు తలుపు పడేది. మునిశేఖర్ అద్దం దించి ప్రేమగానే చెప్పేవాడు.

"ఇంట్లో ఎవురో ఒకరు ఉండాల గదా పవిత్రా."

ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ పవిత్రే. ఏర్పేడులో ఆమె తమ్ముడు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే, అత్తింటివాళ్లందరూ వెళ్లి వచ్చారు, ఆమె తప్ప. మధ్యాహ్నం తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, మీవాళ్లంతా కడుపు నిండా తిన్నారు. మీ అత్తకు మా ఇల్లు భలే నచ్చింది. నువ్వు ఎప్పుడైనా వచ్చి సూడు" అన్నాడు. తమ్ముడి కొత్త ఇంటి సంగతులు ఆ సాయంత్రం నాగులమ్మ నోటి నుంచి విని తెలుసుకుంది పవిత్ర. వంటగదిలో గ్రానైట్ వేశారట.

మూడోసారి కడుపు పండి ఆరో నెల వచ్చినప్పుడు మునిశేఖర్ ఒక మాటన్నాడు. ఇక ఈ కారు చాలదు, ఏడు సీట్ల బండి కావాలి, కొత్తది మన వల్ల కాదు గాబట్టి వాడినది చూద్దాం అని. పవిత్ర గిన్నెలు తోముతూ వింది. ఆయన, మామ, అత్త, నాగులమ్మ, ఇద్దరు పిల్లలు. ఆరుగురు. మళ్లీ లెక్కపెట్టింది. మళ్లీ ఆరుగురే. పుట్టబోయే బిడ్డ ఎలాగూ ఒళ్లోనే ఉంటుంది. అంటే ఒక సీటు మిగులుతుంది. ఆ రాత్రి ఆమె ఎవరికీ చెప్పకుండా సంతోషించింది.

బండ్లు చూపించడానికి ఢిల్లీబాబు అనే బ్రోకరు వచ్చాడు. వయసు యాభై దాటినా నల్లటి జుట్టు, చేతిలో నాలుగైదు తాళాలు. అతను అబద్ధం చెప్పడు. అడిగినదానికి కాకుండా పక్కనున్నదానికి జవాబు చెబుతాడు, అంతే.

"ఇంజను ఎట్లుండాది?" అని మునిశేఖర్ అడిగితే, "సీటు కవర్లు కొత్తవి సార్" అంటాడు.

"యాడన్నా గుద్దింటుందా?"

"పాట్లు చానా బాగా వినపడతాయి సార్. నాలుగు స్పీకర్లు."

ధనంజయకు బెల్లం మండీ ఉంది. ముప్పయ్యేళ్లుగా దిమ్మెలు చూసిన మనిషి కాబట్టి బండినీ అలాగే చూశాడు. బొటనవేలితో నొక్కాడు, వేలి కణుపులతో తట్టి చెవి పెట్టాడు, సీటు మీద ముక్కు పెట్టి గట్టిగా వాసన పీల్చాడు. మొదటి బండి దగ్గరే మొహం చిట్లించి, "ఇది నీళ్లు తాగిన సరుకు. మెడ్రాసు వానలో మునిగింటుంది. తీసుకపో" అన్నాడు. రెండో బండి బాగా గట్టిగా ఉందన్నాడు గానీ రంగు మీద అనుమానపడ్డాడు. బెల్లం మరీ తెల్లగా ఉంటే మందు కలిపారని అర్థమట. ఆ బండి తెల్లగా ఉంది. ఇంట్లోవాళ్లు ఎంత చెప్పినా వినలేదు. మూడో బండి బూడిద రంగుది, ఆయనకు నచ్చింది.

ఇక మిగిలింది భారతమ్మ. భారతమ్మ జీవితంలో ఎవరినీ ఊరికే నమ్మలేదు. పాలవాడిని, గాజులవాడిని, చివరికి పెళ్లిచూపుల్లో పవిత్ర నాయనను కూడా ఒక్కటే అడిగింది. ఇప్పుడూ అదే అడిగింది.

"ఏమప్పా, నువ్వు చెప్పిందంతా నిజమేనా?"

"నా బిడ్డల మీద ఆనమ్మా."

"బిడ్డలెందుకులే పాపం. కాణిపాకం వస్తావా?"

ఢిల్లీబాబు చేతిలో గలగలలాడుతున్న తాళాలు ఆగిపోయాయి. కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేస్తే ఆయన శిక్షించక మానడని ఆ చుట్టుపక్కల చిన్నపిల్లలకు కూడా తెలుసు. రానంటే బేరం పోతుంది, పైగా ఎందుకు రాలేదో బజారంతా చెప్పుకుంటుంది. "పోదాంలేమ్మా" అన్నాడు.

ఆదివారం పొద్దున ఆ బండిలోనే బయల్దేరారు. మునిశేఖర్ నడిపాడు. ప్రమాణం చేయాల్సిన మనిషి కళ్ల ముందుండాలని భారతమ్మ ఢిల్లీబాబును ముందు సీట్లో కూర్చోబెట్టింది. తను నడిమి సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. అటువైపు కిటికీకి ధనంజయ, ఇద్దరి మధ్యలో నాగులమ్మ. నాగులమ్మ కాళ్లు రెండూ ముందు సీట్ల సందులోకి చాపింది. మునిశేఖర్ గేరు మార్చాల్సి వచ్చినప్పుడల్లా "అత్తా, కాలు" అనాల్సి వచ్చింది. పవిత్ర పిల్లలిద్దరితో చివరి సీట్లోకి దూరింది. ఆరు నెలల కడుపుతో ఆమె వంగి, పాకి, లోపలికి పోతుంటే అందరూ "మెల్లిగా, మెల్లిగా" అని చాలా దయగా చెప్పారు. అయినా పవిత్రకు బాధ కలగలేదు. కూర్చుంది గదా.

బండి కదిలింది. బండితోపాటు చివరి సీటు కూడా కదిలింది. మునిశేఖర్ వేగం పెంచితే సీటు మెల్లగా వెనక్కి జారుతోంది, బ్రేకు వేస్తే ముందుకొచ్చి ధనంజయ సీటుకు తగులుతోంది. పిల్లలు ఉయ్యాల అనుకుని కిచకిచ నవ్వారు. పవిత్ర ఒక చేత్తో వాళ్లను, ఒక చేత్తో కడుపును పట్టుకుని నోరు మూసుకుంది. చెబితే బండి వద్దంటారేమో.

ఊరు దాటగానే ఢిల్లీబాబు వెనక్కి తిరిగాడు.

"అమ్మా, ఒక మాట. మీటరులో కనపడేదానికన్నా బండి రెండింతలు తిరిగింటాది."

"ఇంకా?" అంది భారతమ్మ.

చెరకు తోటల దగ్గర ముందు తలుపులు రెండూ వేరే బండివని చెప్పాడు. మామిడి తోటల దగ్గర ఓనర్ల సంగతి చెప్పాడు.

"ఒకే ఓనరని అంటివే!" అన్నాడు మునిశేఖర్.

"ఒక్కో తడవకు ఒకరే గదా సార్. మొత్తం నలుగురు."

"ఏసీ?"

"చలికాలంలో బ్రహ్మాండంగా పని చేస్తాది సార్."

తప్పు బయటపడేకొద్దీ భారతమ్మ మొహం వెలిగిపోయింది. బాహుదా వంతెన ఎక్కేసరికి ఢిల్లీబాబు దగ్గర బండి తప్పులు అయిపోయి సొంత తప్పులు మొదలయ్యాయి. బామ్మర్దికి పనికిరాని స్కూటర్ అంటగట్టాడట. తిరుచానూరులో పెళ్లికని ఇంట్లో చెప్పి సినిమాకు పోయాడట. "ఈ జుట్టు కూడా రంగేసిందేనమ్మా" అన్నాడు ఏడుపు గొంతుతో.

"అది మాకు కనపడతానే ఉండాదిలే, బండి సంగతి సెప్పు" అంది భారతమ్మ.

గుడి దగ్గర ప్రమాణానికి ముందు తల మీద నీళ్లు పోసుకుంటే ఆ రంగు కారి చొక్కా మీదికి వచ్చింది. నల్లటి చారలతో, చేతులు జోడించి, దేవుడి ఎదురుగా నిలబడ్డాడు. వీళ్ల వెనక దర్శనానికి వచ్చినవాళ్ల క్యూ కనిపించినంత దూరం ఉంది.

"సామీ, ఈ బండి గురించి నాకు తెలిసిందంతా చెప్పేసినా. దాచింది ఏమీ లేదు."

"వెనక సీటు" అంది పవిత్ర.

ఆమె గొంతు అంతమందిలో వినపడటం అదే మొదటిసారి. అందరూ తిరిగి చూశారు. ఢిల్లీబాబు నాలిక కరుచుకున్నాడు.

"ఆ సీటు ఈ బండిది కాదమ్మా. ఏదో పాత బండిది తెచ్చి రెండు బోల్టులు వేసినారు. దాచలేదు తల్లీ, నిజంగా గుర్తు రాలే. అయినా చివరి సీట్లో ఎవురు కూసుంటారు? సామాన్లు పెట్టుకునేదానికి గదా!"

ధనంజయ కళ్లు మెరిశాయి. "అబ్బా, అది పీకేస్తే బెల్లం బుట్టలు బాగా పడతాయి!"

మునిశేఖర్ "ఔను నాయనా" అన్నాడు. నాగులమ్మ కూడా తల ఊపింది. తొమ్మిదేళ్లకు దొరికిన చోటు, సగం రోజు కూడా కాకముందే బెల్లం పాలవుతోంది. ఇంట్లో ఎవురో ఒకరు ఉండాల గదా అనే ఆ మాట భర్త నోట్లో తయారవుతుండటం పవిత్రకు కనిపించింది.

"అట్లయితే నేను యాడ కూసోవాల?" అంది. "ఈ బండిలో నా సీటు ఏదో దేవుడి ముందర చెప్పండి."

మునిశేఖర్ నోరు తెరిచాడు. ఇంట్లో అయితే ఏదో ఒకటి చెప్పేవాడు. ఇక్కడ ఎదురుగా వినాయకుడున్నాడు. "నేను నడపాల గదా" అన్నాడు చివరికి. నాగులమ్మ తన మోకాళ్లు చూపించింది. ధనంజయ ఉదారంగా, "నా సీటు తీసుకోమ్మా" అన్నాడు.

"దేవుడి దగ్గర మాటండీ, ఆలోచించి చెప్పండి" అన్నాడు హారతి పళ్లెంతో నిలబడ్డ పూజారి అయ్యవారు.

"అంటే... మండీకి పోయేటప్పుడు కాకుండా... పొద్దున పూట కాకుండా..." అని ధనంజయ నీళ్లు నమిలాడు.

క్యూ ఆగిపోయింది. వెనక ఒకాయన అరిచాడు. "ఏమప్పా, ఏమయింది ఆడ?"

"ఆ యమ్మకు కారులో సీటు చెప్పలేదంట!"

"చెప్పి పంపీయండప్పా! మా పిలకాయలు పొద్దున్నించి ఏమీ తినలే!"

"ఎన్ని సీట్ల బండి?" అని ఇంకెవరో అడిగారు. "మధ్యలో ఇవ్వండి, కడుపుతో ఉండాది గదా!" అని ఒక ముసలామె తీర్పు చెప్పింది. అయ్యవారు భారతమ్మ వైపు చూశాడు. క్యూ మొత్తం భారతమ్మ వైపు చూసింది. ఊళ్లో అందరినీ ఇక్కడికి తెచ్చిన మనిషే గానీ, ఆమె మాత్రం ఇక్కడ నిలబడి ఎప్పుడూ ఒక మాట ఇచ్చింది లేదు. తప్పించుకునే దారి వెతికింది. ముందు దేవుడు, వెనక క్యూ.

"ఈ బండిలో," అంది మెల్లగా, "నడిమి సీట్లో కిటికీ పక్క చోటు నా కోడలిది. ఆమిని ఎవురూ లెయ్యమనేదానికి లేదు. నేను కూడా."

అయ్యవారు గరిక తీసి పవిత్ర చేతిలో పెట్టాడు. క్యూ "గణపతీ!" అంటూ కదిలింది.

బయటికి రాగానే ధనంజయ చేతులు దులుపుకున్నాడు. "ఇన్ని తప్పులున్న బండి మనకెందుకు? ఇంకోటి సూద్దాం." అందరూ సరేనన్నారు. ఢిల్లీబాబు అందరికన్నా ముందు సరేనన్నాడు. "నేను కూడా వద్దనే అంటాండా సార్. దీని సంగతి నాకు తెలుసు గదా."

"ఇదే కొనాల" అంది పవిత్ర.

"ఎందుకుమే?" అన్నాడు మునిశేఖర్ బిత్తరపోయి. "తలుపులు దానివి కావు, సీటు దానిది కాదు, ఏసీ లేదు!"

"అత్త మాటిచ్చింది ఈ బండిలో. ఇంకో బండిలో కాదు."

భారతమ్మ గుడి వైపు ఒకసారి, బండి వైపు ఒకసారి చూసింది. "కొనప్పా" అంది కొడుకుతో, నీరసంగా.

అలా ఢిల్లీబాబు వృత్తిలో మొదటిసారి, తప్పులన్నీ చెప్పిన బండి అమ్ముడుపోయింది. ధనంజయ ముందు సీటుకు పోయాడు, గేరుకు అడ్డం రాకుండా నాగులమ్మ సీటు మీదే కాళ్లు చాపితే నడిమి సీట్లో పవిత్ర తప్ప ఇంకొకరు పట్టరు కాబట్టి, భారతమ్మ పిల్లలతోపాటు చివరి సీట్లోకి మారింది. అది మొదలు ఆ సీటు గురించి ఇంట్లో అందరికీ శ్రద్ధ పుట్టింది. మరుసటి రోజే మెకానిక్ వచ్చి గట్టి బోల్టులు బిగించి పోయాడు. బెల్లం ఆటోలోనే వెళ్లింది.

మూడో బిడ్డకు మూడో నెల రాగానే తిరుచానూరు అమ్మవారి దర్శనానికి బయల్దేరారు. గుడి ఇంకా కొంత దూరం ఉందనగా, పూల అంగళ్ల ముందు బండి ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. మునిశేఖర్ స్టీరింగ్ పట్టుకుని అందరినీ దిగి తొయ్యమన్నాడు. ధనంజయ దిగాడు, పిల్లలు దిగారు, నాగులమ్మ కూడా దిగి రోడ్డు పక్కన నిలబడి ఎటు తొయ్యాలో చెప్పసాగింది. భారతమ్మ చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని బండి వెనక రెండు చేతులూ ఆనించింది. మల్లెపూలు కడుతున్న ఒకామె జాలిపడి వచ్చి తనూ ఒక చెయ్యి వేసింది.

"లోపల ఒకామె కూసోనే ఉండాదే, దిగదా?"

"దిగదు," అంది భారతమ్మ ఆయాసపడుతూ. "దిగమనేదానికి నాకు లేదు. నువ్వు అడిగి సూడు."

పూలామె కిటికీ దగ్గరికి వచ్చింది. లోపల ఆమె బిడ్డను ఒళ్లో పెట్టుకుని రోడ్డు మీద పోయే జనాన్ని తొమ్మిదేళ్ల ఆకలితో చూస్తోంది. పూలామె ఏమీ అడగలేదు. వెనక్కి పోయి, కొంగు నడుముకు చుట్టుకుని, రెండో చెయ్యి కూడా వేసింది.