బావ కుడి చెవి

మా బావ జెబకుమార్ ఓడలో సెకండ్ ఇంజినీరు. ఆ మాట వినగానే మా వ్యాసర్పాడి జనం తెల్ల యూనిఫాం, డెక్కు మీద చల్లగాలి ఊహించేసుకుంటారు. నిజానికి ఆయన పద్దెనిమిదేళ్లూ గడిపింది నీటిమట్టానికి కింద, నూనె మరకల బట్టల్లో, పక్కన పిడుగు పడినా వినిపించని ఇంజిన్ రూములో. సముద్రం ఎట్లుంటుంది బావా అంటే, మెరీనాకి పోయి చూసుకో అంటాడు.

ఆ రొదకి కుడి చెవి పోయింది. చెవులు మూసే మఫ్‌లు ఇస్తారు. మిషన్ చప్పుడులో తేడా కనిపెట్టాలంటే అవి అడ్డమని ఈయన వాటిని మెడలో వేసుకుని తిరిగాడు. అంత తెలివి. సంగతి నాకూ మా పరిమళక్కకూ తప్ప ఎవరికీ తెలీదు. చర్చిలో, బస్సులో, అన్నం దగ్గర అక్క కూర్చునేది ఎప్పుడూ ఆయన కుడిపక్కనే. ఆ ఏర్పాటు ఎవరిదో చెప్పక్కర్లేదు.

పోయిన ఏడు చీఫ్ ఇంజినీరుగా పిలుపొచ్చింది. దానికోసం మూడుసార్లు పరీక్ష తప్పి, నాలుగోసారి గట్టెక్కిన మనిషి. ఓడెక్కాలంటే డాక్టరు ఫిట్ అని రాయాలి. అందులో చెవి పరీక్ష ఒకటి.

బావ ఒక కుట్ర పన్నాడు. ఆయన గాజు గదిలో హెడ్‌ఫోన్ పెట్టుకుని కూర్చుంటాడు. కూత వినిపించినప్పుడల్లా బటన్ నొక్కాలి. బయట సీతాలక్ష్మి అనే అమ్మాయి కూత వదిలితే మిషన్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది. ఆ అమ్మాయి వెనక నిలబడ్డ అక్క లైటు చూసి వేలెత్తాలి.

“దేవుడు క్షమించడయ్యా” అంది అక్క.

“ఆయన్తో నేను మాట్లాడుకుంటా. నువ్వు వేలు మాత్రం ఎత్తు.”

ఎడమ చెవి దానంతటదే పాసైంది. కుడి చెవి మొదలైంది. అక్క వేలెత్తుతోంది, బావ నొక్కుతున్నాడు. “సూపర్ సార్!” అంది సీతాలక్ష్మి. ఆరోసారి అక్క వేలు లేచింది. బావ బటన్ నొక్కి, అక్క వైపు బొటనవేలెత్తి చూపించాడు.

ఇంజిన్ రూములో మాటలు పనిచేయవు, అంతా సైగలే. సైగ అందితే తిరుగు సైగ చేయాలి, లేకపోతే అవతలివాడు వాల్వు తిప్పడు. పద్దెనిమిదేళ్ల అలవాటు, అయిదుసార్లు ఆపుకోవడమే గొప్ప. సీతాలక్ష్మి వెనక్కి తిరిగింది. అక్క వేలు ఇంకా గాల్లోనే ఉంది.

డాక్టర్ జయరామన్ మమ్మల్ని బయటికి పంపి మళ్లీ పరీక్ష పెట్టారు. బావ ఒక్కసారి కూడా నొక్కలేదట. ఇంజిన్ రూములో కుడివైపు నుంచి ఎవరైనా ప్రాణభయంతో అరిస్తే వినిపిస్తుందా అని అడిగారట. అక్కడా అబద్ధమాడొచ్చు, ఆడలేదు. “వినిపించదు సార్” అన్నాడట. డాక్టరు అన్‌ఫిట్ అని రాసేశారు.

బావ బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. అంతవరకూ నవ్వాపుకుంటూ ఉన్న నాకు సిగ్గేసింది.

ఆటోలో అలవాటుకొద్దీ కుడిపక్క జాగా వదిలాడు. అక్క నన్ను అటు తోసి, చుట్టూ తిరిగొచ్చి ఎడమపక్క ఎక్కింది.

“ఈడ కూర్చున్నావేం?”

“ఇన్నేండ్లూ ఆ పక్క కూర్చొని గోడకి చెప్పినట్టు చెప్పినా. ఇంక ఓడా లేదు, నువ్వు యాడికీ పొయ్యేదీ లేదు. అంతా మొదట్నించీ చెప్తా, విను.”

వ్యాసర్పాడి వచ్చేదాకా అక్క ఆపలేదు. కళ్లు తుడుచుకుంటూ, ప్రతి తిట్టుకీ బావ బొటనవేలెత్తి చూపిస్తూనే ఉన్నాడు.