తాతయ్య చెప్పిన కంఫర్ట్

నా చిన్నప్పుడు మా తాతయ్య మాటంటే నాకు గట్టి అనుమానం. తియ్యగా ఉంటుందని చెప్పి నాచేత కషాయం తాగించిన మనిషి ఆయన. మా ఊరు గూళూరు గుడిలో అర్చకత్వం చేస్తూనే, అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు నిఘంటువొకటి రోజూ చదివేవారు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు పక్కింటి అక్క భర్త పోయాడు. ఇంట్లో అక్క, ఆమె చంటిబిడ్డ మిగిలారు. మా అమ్మ నన్ను కూడా పలకరింపుకు తీసుకెళ్ళింది. మా వైపు చావింటి నుంచి లేచేటప్పుడు "పోయొస్తాం" అనరు. అలా అంటే ఆ ఇంటికి ఇంకో చావు వస్తుందని భయం. మాట్లాడకుండా లేచి వచ్చేయాలి. నేను మాత్రం అలవాటు కొద్దీ "పోయొస్తానక్కా, రేపొస్తా" అనేశాను. కూర్చున్నవాళ్ళంతా నావైపు తిరిగారు. అమ్మ నా జబ్బ పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. నా నోటి మాటకు ఆ బిడ్డకేమవుతుందోనని రాత్రి నాకు అన్నం సహించలేదు.

మర్నాడు తాతయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు సంగతులు చెప్పారు. ఓదార్పును ఇంగ్లీషువాళ్ళు కంఫర్ట్ అంటారట. దాని వేరు లాటిన్‌లో ఉందట, అక్కడ దానికి బలం ఇవ్వడమని అర్థమట. రెండోది, పదేళ్ళలోపు పిల్లల మాటకు చావింట్లో దోషం లేదని శాస్త్రంలో ఉందట.

"వస్తానని చెప్పినావు కదమ్మా, పో. ఆ యమ్మకు ఇప్పుడు బలం కావల్ల. వచ్చినాక తానం చేద్దువులే" అన్నారు.

మొదటిది పచ్చి కోత అనుకున్నాను. లాటిన్ ఎక్కడ, గూళూరు ఎక్కడ! రెండోది గుడి అయ్యవారి మాట కాబట్టి నమ్మి వెళ్ళాను.

అక్క వసారాలో ఒక్కతే కూర్చుని ఉంది.

"అందరూ ఉలుకూ పలుకూ లేకుండా పోయినారు. నువ్వొక్కదానివే వస్తానంటివి. పొద్దున్నుంచీ చూస్తాండాను" అంది. బిడ్డను నా ఒళ్ళో పెట్టి, లోపలికి వెళ్ళి నాలుగు ముద్దలు తిన్నది.

తర్వాత చింతామణి కాలేజీలో చదివేటప్పుడు, తాతయ్య తప్పు పట్టుకుందామనే లైబ్రరీలో పెద్ద నిఘంటువు తెరిచాను. లాటిన్ సంగతి అక్షరాలా నిజం. శాస్త్రం సంగతి మాత్రం, ఎంతమంది పురోహితులను అడిగినా అలాంటిదేమీ లేదన్నారు. నేను అనుమానించింది నిజం, నమ్మింది అబద్ధం. దెబ్బలాడదామంటే అప్పటికి తాతయ్య లేరు. చాలా ఏడ్చాను.

ఇప్పటికీ చావింటి నుంచి లేస్తూ "రేపొస్తా" అనే అంటాను. ఎవరైనా కళ్ళెర్రజేస్తే, అరవై దాటినవాళ్ళకు దోషం లేదని శాస్త్రంలో ఉందంటాను. మర్నాడు మాత్రం తప్పకుండా వెళ్తాను.