నానబెట్టిన పెనం

ఆదివారం మా ఇంట్లో వంట నాది. ఈ మాట పదిహేనేళ్ళపాటు ఎక్కడపడితే అక్కడ చెప్పుకున్నాను. రొయ్యల మేత అమ్మే దుకాణంలో నాతో పనిచేసేవాళ్ళకి, చర్చిలో పక్కన కూర్చున్నవాళ్ళకి, బస్సులో అప్పుడే పరిచయమైనవాళ్ళకి కూడా. వారంలో ఒక్కరోజైనా ఆడమనిషికి విశ్రాంతి ఉండాలి కదా అని, పెద్దమనిషి తరహాలో ఒక ముక్క చేర్చేవాణ్ణి.

మాది నెల్లూరు దగ్గర మైపాడు రోడ్డు మీద ఊరు. ఆదివారం తెల్లవారుతూనే బండేసుకుని సముద్రం ఒడ్డుకి పోయి, పడవలోంచి దించిన వంజరం చేప కొనేవాణ్ణి. ఇంటికొచ్చి ముక్కలకి కారం, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించి ఆరాధనకి వెళ్ళేవాణ్ణి. ప్రసంగం సగంలో ఉండగానే నా మనసు ఆ గిన్నె దగ్గరికి వెళ్ళిపోయేది. రాగానే లుంగీ ఎగ్గట్టి పొయ్యి ముందు నిలబడేవాణ్ణి. నూనె విషయంలో నాది పెద్ద చెయ్యి. ముక్కలకి బియ్యప్పిండి అద్ది వేసేవాణ్ణి. ఒక వాయికి రాలిన పిండీ కారమూ తీయకుండానే దాని మీద రెండో వాయి, మూడో వాయి. మంట తగ్గించడం నాకు తెలియదు. అంతా అయ్యేసరికి పెనం అడుగున నల్లటి మడ్డి, అంచుల చుట్టూ బంకలా జిడ్డు, గోడ మీద నూనె చుక్కలు. అప్పుడు నా ఆఖరి పని ఒకటుండేది. వేడి పెనంలో చెంబెడు నీళ్ళు గుమ్మరించి, "నానబెట్టినా" అని వినపడేలా చెప్పి, తినడానికి కూర్చునేవాణ్ణి.

దాంతో నా వంతు పూర్తయిందని నిజంగానే నమ్మాను.

నా భార్య ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. మిషను తొక్కేవాళ్ళు మా వీధిలోనే ముగ్గురున్నారు. ఆమె దగ్గరికి వచ్చేవాళ్ళు చేతికుట్టు కోసం వచ్చేవాళ్ళు. అంచు లోపలికి మడిచి ఆమె కుడితే పైకి దారం కనిపించేది కాదు. ఆ పనికి వేళ్ళ కొసలు మెత్తగా ఉండాలని, పట్టుబట్ట గరుకు వేలికి పోగు లేస్తుందని, పెళ్ళయిన కొత్తలోనే నాతో చెప్పింది. ఇంట్లో ఆమెకంటూ ఉన్నది ఆ పని ఒక్కటే. నేను విన్నాను, తలూపాను, మరిచిపోయాను.

సోమవారం పొద్దున అదే పెనం మీద దోసెలు. ఏ మూల జిడ్డు మిగిలినా దోసె నీచు వాసన కొడుతుంది. కొడితే అందరికంటే ముందు ముఖం చిట్లించేది నేనే. అందుకని ఆదివారం మధ్యాహ్నం నేను పడుకుంటే, ఆమె పెరట్లో కుళాయి దగ్గర పీట వేసుకుని కూర్చునేది. ముందు ఇసుక, తర్వాత పులుసుకి పిండేసిన చింతపండు పిప్పి, అప్పటికీ లొంగకపోతే సోడా కలిపిన సబ్బుపొడి, స్టీలు పీచు. ఆ గరగర నా నిద్రలోకి వచ్చేది. కాస్త మెల్లగా తోమమని ఒకసారి మంచం మీంచే కేకేశాను. ఆ మాట గుర్తొస్తే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆమె వేళ్ళు మొదట ఎర్రబడ్డాయి. తర్వాత పొట్టు లేచింది. తర్వాత కొసలు నిలువునా పగిలాయి. కొబ్బరినూనె రాసుకోమన్నాను. రబ్బరు తొడుగులు కొనిచ్చాను. వాటితో పెనం జారిపోతోందని పక్కన పెట్టేస్తే, కొనిచ్చినా వాడదని నలుగురిలో అన్నాను. పెనం నేను తోముదామన్న ఆలోచనే రాలేదని రాయబోయాను. అది అబద్ధం. వచ్చింది. వచ్చినా లేవలేదు.

చర్చిలో మాకు తెలిసిన ఒకావిడ కూతురికి పెళ్ళి కుదిరింది. మా పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు తెల్ల పట్టుచీర కడుతుంది. దాని మీదికి తెల్ల జాకెట్టు కుట్టే పని నా భార్యకి వచ్చింది. సోమవారం ఇచ్చేయాలి. ఆ ఆదివారమే నేను దుకాణంలోవాళ్ళని నలుగురిని భోజనానికి పిలిచాను. చేతికుట్టు మిగిలి ఉంది, ఈ వారం వద్దని ఆమె అంది. వండేది నేను కదా, నీకేం పని అన్నాను. ఆ రోజు ఐదు వాయిలు వేశాను. వచ్చినవాళ్ళు కడుపారా తిని, అక్కా, నువ్వు అదృష్టవంతురాలివి అని ఆమెతో చెప్పి వెళ్ళారు. నేను పడుకున్నాను.

లేచేసరికి పొద్దు వాలింది. ఆమె కిటికీ దగ్గర జాకెట్టు ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుని ఉంది. మెడ అంచు మీద ఆవగింజంత నెత్తురు మరక. తడిబట్టతో అద్దినకొద్దీ అది పలచబడి వెడల్పవుతోంది తప్ప పోవడం లేదు.

"పెనం తోమి వచ్చి కూచున్నా. వేలు మొద్దుబారిపోయి ఉండె. పగిలింది తెలీలేదు" అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఓదార్చి బయటపడేవాణ్ణి.

మర్నాడు ఆ పెళ్ళికూతురి తల్లి వచ్చి చూసింది. గొడవ పెట్టుకోలేదు. పెళ్ళిబట్ట మీద నెత్తురేంది అని తనలో తాను గొణుక్కుని, మిగిలిన బట్ట కూడా అడిగి తీసుకుని, నెల్లూరులో వేరే జాకెట్టు కుట్టించుకుంది. ఆ తర్వాత మా ఇంటికి పెళ్ళి జాకెట్లు రాలేదు. కొన్నాళ్ళకి మామూలువీ రాలేదు.

కొన్ని నెలలపాటు సబ్బునీళ్ళు ముట్టుకోవద్దని నెల్లూరులో చర్మం డాక్టరు చెప్పాడు. అప్పుడు, మరో దారి లేక, పెనం ముందు నేను కూర్చున్నాను. పీచు తిరగేసి మరగేసి రుద్దితే జిడ్డు ఇటునుంచి అటు జరిగిందే కానీ వదల్లేదు. నడుము పట్టేసింది. గంటన్నర పట్టింది. మధ్యలో ఆమె గడపలో నిలబడి, నీళ్ళు పోయకుండా వేడి మీదే కాగితంతో తుడిచేస్తే సగం పోతుందని, నీళ్ళు పోస్తే నూనె తేలి పెనమంతా పాకుతుందని చెప్పింది. అంటే ఇన్నేళ్ళూ నేను చేసిన ఆ ఒక్క సాయమూ ఆమెకి పని పెంచింది. ఎందుకు చెప్పలేదని అడిగాను. చెప్పానంది. చెప్పే ఉంటుంది.

తోమిన పెనం తీసుకెళ్ళి ఆమెకి చూపించాను. చూసింది.

"పదైదేండ్లు నేను తోమినా. ఒక్కసారన్నా తెచ్చి మీకు చూపిచ్చినానా?"

వేళ్ళు బాగుపడ్డాయి. మళ్ళీ కుట్టు మొదలుపెట్టమన్నాను. ఎవరికి అని అడిగింది. ఆదివారం పెనం ఇప్పుడు నేనే తోముతున్నాను. ఈ సంగతి కూడా దుకాణంలో ఒకరిద్దరికి చెప్పాను, నా బుద్ధి అలాంటిది. అది ఊరంతా తిరిగింది.

పోయిన నెల చర్చిలో కుటుంబాల కూడిక జరిగింది. పాస్టరమ్మ గారు మాట్లాడుతూ, భార్యకి వండిపెట్టి, జిడ్డు పెనం కూడా తన చేత్తో తోమిపెట్టే భర్త మన మధ్యనే ఉన్నాడని, మగవాళ్ళు ఆయన్ని చూసి నేర్చుకోవాలని చెప్పి నన్ను లేచి నిలబడమన్నారు. ఆ పెళ్ళికూతురి తల్లి వెనక్కి తిరిగి నన్ను మెచ్చుకోలుగా చూసింది. జరిగింది చెప్పడానికి అంతకంటే మంచి సమయం నాకు దొరకదు. నోరు తెరిచాను కూడా. అందరూ చప్పట్లు కొట్టారు. ఆడవాళ్ళ వరసలో కూర్చున్న నా భార్య కూడా, అందరితో పాటు, నన్ను చూస్తూ కొట్టింది. నేను నమస్కారం పెట్టి కూర్చున్నాను.