థర్మోకోల్ మూలలు

సత్తిరాజు తెలివితేటలు అంబాజీపేటలో అందరికీ తెలుసు. పాడైనదాన్ని బాగుచేస్తాడు, బాగున్నదాన్ని కెలుకుతాడు. 2003లో తన టీవీ రిపేరు షాపు వెనకగదిని రికార్డింగ్ స్టూడియోగా మార్చి, నాలుగు మూలలూ చేపల పెట్టెల థర్మోకోల్‌తో నింపేశాడు. ఐసు చల్లదనాన్ని ఆపేది డోలక్ మోతను ఆపదా అని వాడి లెక్క.

ఆపలేదు. అది తేలడానికి ఆ బుధవారమే దొరికింది!

ఆ మధ్యాహ్నం అంతర్వేది నుంచి బుల్లెమ్మ పాట రికార్డు చేయించుకోడానికి వచ్చింది. పడవ పాటల్లో ఆవిణ్ణి మించినవాళ్లు లేరు. మర్నాడు కాకినాడలో గొంతు ఆపరేషన్. ఆ తర్వాత మాట మిగులుతుందో లేదో చెప్పలేమన్నారు డాక్టర్లు. నాలుగున్నరకి బస్సు. స్టూడియోలో వాయించే అమ్మిరాజు డోలక్ మీద చెయ్యి వేయగానే, మోత మూలల్లోంచి తిరిగొచ్చి ముసలామె గొంతును మింగేసింది. హెడ్‌ఫోన్స్‌లో అది విని సత్తిరాజు గబుక్కున లేచాడు. మైకు తిప్పాడు, డోలక్ జరిపాడు. అదే మోత.

"డోలక్ లేకుండా పాడతారా అండి?"

"తాళం లేకపోతే పాట నోటికి రాదు బాబూ."

"ఐసు ఫ్యాక్టరీ వాళ్లు పారేసిన గ్లాస్‌వూల్ ఉంది కదండీ, అది కుక్కేద్దాం," అన్నాడు అమ్మిరాజు.

కట్ట విప్పగానే సన్నటి గాజు నూగు లేచింది. బుల్లెమ్మకి దగ్గు పట్టుకుంది, ఎంతకీ ఆగదు. "నా చేతులు పడిపోనూ!" అని తిట్టుకుంటూ సత్తిరాజు కట్టను వీధిలోకి విసిరేశాడు. నిజం చెప్పొద్దూ, వాడికి ఏడుపొచ్చింది.

మంచినీళ్లు తాగి బుల్లెమ్మే అంది: "మా చేపల పెట్టెలో కేకేస్తే కేక తిరిగొస్తది బాబూ. వలల గుట్ట మీద గుద్దితే చప్పుడే ఉండదు. మెత్తగా, మందంగా ఉండేది ఏదైనా పెట్టు."

వలలు ఇక్కడెక్కడివి? కానీ ఊరినిండా కొబ్బరిపీచే! పక్కింటి శ్యామలాంబ పీచు పరుపులు కుట్టి అమ్ముతుంది. గుడ్డలో కుట్టేసిన పీచు, నూగు రాదు. సత్తిరాజు పరుగున వెళ్లి ఆవిణ్ణి బతిమాలి, ఎవరి పెళ్లికో కుట్టిన ఎనిమిది పరుపులు మోసుకొచ్చాడు. థర్మోకోల్ పీకేసి మూలకి రెండేసి నిలబెట్టారు. నాలుగయింది.

అమ్మిరాజు డోలక్ కొట్టాడు. మోత అణిగింది. బుల్లెమ్మ గొంతు ఊపిరితో సహా వినిపించింది. పాట ఒక్క టేకులో అయిపోయింది.

"ఇంకొక్కటుంది. డోలక్కొద్దు," అని ఆవిడ మైకు దగ్గరకి జరిగింది. "దుర్గా... ఒసే దుర్గా! అన్నం చల్లారిపోతంది, రావే!"

"అదేంటండి?" అన్నాడు సత్తిరాజు.

"నా మనవరాలు. పాటలు ఎవరైనా పాడతారు. రేపట్నుంచి దాన్ని అన్నానికి ఎవరు పిలుస్తారు బాబూ?"

వీధి చివర బస్సు హారన్ కొడుతోంది. టేపు తెగిపోతుందేమోనని సత్తిరాజు ఆ పిలుపును మాత్రం మూడు క్యాసెట్లలోకి ఎక్కించి ఇచ్చాడు.